కోడాన్ పట్టిక, అమైనో ఆమ్లాల వర్గీకరణ: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. పీజీసెట్‌కు సిద్ధమయ్యే పిల్లలు కోడాన్ పట్టిక గురించి అడిగే ప్రశ్నల వెనుక ఏటా ఇవే అపోహలు కనిపిస్తాయి. కోడాన్ అంటే ఆర్‌ఎన్‌ఏలోని యు, సి, ఎ, జి అనే నాలుగు అక్షరాలతో ఏర్పడే మూడక్షరాల మాట; ప్రోటీన్‌ను కట్టే ఇటుకలైన అమైనో ఆమ్లాల్లో ఏది చేరాలో అది చెబుతుంది. ఏ కోడాన్ దేనికో చూపేదే ఈ పట్టిక.

అపోహ: 64 కోడాన్లలో ఒక క్రమమంటూ లేదు, బట్టీ పట్టడమే మార్గం.

వాస్తవం: పట్టికను రెండో అక్షరం ఆధారంగా చదివి చూడండి. అక్కడ యు ఉన్న 16 కోడాన్లూ ఫినైల్ అలనిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, మిథియోనిన్, వాలిన్‌లను, అంటే నీటికి దూరంగా ఉండే వాటినే సూచిస్తాయి. అదే స్థానంలో ఎ ఉంటే, ప్రోటీన్ తయారీని ఆపే రెండు సమాప్తి కోడాన్లు పోగా, లైసిన్, ఆస్పరాజిన్, గ్లుటమిక్ ఆమ్లం వంటివి వస్తాయి. వాటిలో టైరోసిన్ ఒక్కటి కాస్త అటూ ఇటూ అయినా, మిగిలినవన్నీ నీటితో కలిసేవే. అందుకే మొదటి అక్షరం మారి సియుయు కాస్తా జియుయు అయినప్పుడు, ల్యూసిన్ స్థానంలోకి దానిని పోలిన వాలిన్ వస్తుంది కనుక ప్రోటీన్ చాలాసార్లు తట్టుకుంటుంది. రెండో అక్షరం మారితే ఏమవుతుందో సికిల్ సెల్ వ్యాధి చూపిస్తుంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ అనే గొలుసులో ఆరో స్థానపు జిఎజి, జియుజిగా మారి, రుణావేశం గల గ్లుటమిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరుతుంది; ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ అణువులు ఆ వాలిన్ దగ్గర ఒకదానికొకటి అతుక్కొని పోగులుగా పేరుకోవడంతో ఎర్రరక్తకణం కొడవలిలా వంగిపోతుంది.

అపోహ: మూడో అక్షరం మారితే ఏమీ కాదు.

వాస్తవం: గ్లైసిన్ విషయంలో నిజమే, జిజి తర్వాత ఏ అక్షరమైనా ఒకటే. కానీ ట్రిప్టోఫాన్‌కు ఉన్నది యుజిజి ఒక్కటే. చివరి జి, ఎ అయితే ప్రోటీన్ తయారీ అక్కడే ఆగిపోతుంది. అదే యుజిఎను మన మైటోకాండ్రియా మాత్రం ట్రిప్టోఫాన్‌గానే చదువుతుందని 1979లో తేలింది. కాబట్టి ఈ సంకేతం అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకటేనన్న మాట కూడా నిలవదు.

అపోహ: ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కటే వర్గం.

వాస్తవం: పుస్తకాలు హిస్టిడిన్‌ను క్షార వర్గంలో వేస్తాయి. దాని పార్శ్వ శృంఖలం (ఒక్కో అమైనో ఆమ్లానికీ వేరుగా ఉండే పక్క భాగం) పీకేఏ విలువ, అంటే సగం అణువులు ప్రోటాన్‌ను పట్టుకొని ఉండే పీహెచ్, 6 దగ్గర ఉండడం వల్ల, రక్తపు పీహెచ్ 7.4 వద్ద చాలావరకు ఆవేశం లేకుండానే ఉంటుంది. ఎంజైములు ప్రోటాన్‌ను ఇచ్చిపుచ్చుకోవడానికి హిస్టిడిన్‌ను అంతగా వాడుకోవడానికి ఈ ఊగిసలాటే కారణం. ఏ వర్గమని గట్టిగా అడిగే బహుళైచ్ఛిక ప్రశ్నలంటే నాకు గిట్టకపోవడానికి కూడా అదే కారణం.

అపోహ: ఆవశ్యకం కాని అమైనో ఆమ్లాలు శరీరానికి అక్కర్లేదు.

వాస్తవం: వాటిని శరీరమే తయారు చేసుకోగలదని మాత్రమే దాని అర్థం. కొల్లాజెన్‌లో దాదాపు మూడో వంతు గ్లైసినే, అయినా అది ఆవశ్యక జాబితాలో లేదు. ఈ విభజనకూ కోడాన్ పట్టికకూ పొంతన లేదు: ఎఎతో మొదలయ్యే కోడాన్ల ఒకే గడిని పంచుకునే లైసిన్ ఆవశ్యకం, ఆస్పరాజిన్ కాదు. మన రాగి సంగటిలోనూ, చెనక్కాయల ఊరిబిండిలోనూ తక్కువగా ఉండేది ఆ లైసినే. దానిని భర్తీ చేసేది పక్కన వడ్డించే పప్పు.