సాగర్ నీళ్లల్లో తిరిగే పడవకు సముద్రపు పెయింటా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఖరీదైన యాంటీఫౌలింగ్ (అడుగుకు జీవులు అంటకుండా వేసే పెయింటు) కొడితేనే పడవ అడుగు పదిలం.

వాస్తవం: ఆ పెయింటు సముద్రం కోసం పుట్టింది. అందులోని రాగి ఆక్సైడ్ ఉప్పునీటి క్లోరైడ్ వల్ల కొద్దికొద్దిగా కరుగుతూ, అడుగుకు అతుక్కునే పెంకు జీవులైన బార్నకిల్స్‌ను అంటుకోనియ్యదు. నాగార్జునసాగర్‌లో, సోమశిల దగ్గరి శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో బార్నకిల్స్ ఎక్కడివి? పట్టేదంతా పాచి, నాచు. పడవ ఒడ్డెక్కగానే, తడి ఆరకముందే బ్రష్షుతో రుద్దితే పోతుంది. ఎండనిచ్చారా, గీకుడే. పైగా సాగర్ నీళ్లు హైదరాబాద్ కుళాయిల దాకా పోతాయి. తాగే నీళ్లల్లో రాగి కలపడం మాకైతే నచ్చదు.

అపోహ: ఇనుప లాంచీకి రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేస్తే చాలు.

వాస్తవం: మామూలు రెడ్ ఆక్సైడ్ గాలిలో ఉండే ఇనుముకు పనికొస్తుంది, ఎప్పుడూ నీళ్లల్లో మునిగి ఉండే అడుగుకు కాదు. బుడగలు లేచి పొరలుగా ఊడుతుంది. తుప్పును మెరిసే ఇనుము కనపడేదాకా తీసి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వేసే గట్టి పెయింటు) ప్రైమర్, దాని మీద నీటిలో మునిగే పనికి తగిన ఎపాక్సీ వేయాలి.

ఎంత కొనాలి? నీటిలో ఉండే పొడవును, వెడల్పు + రెండింతల మునక లోతుతో గుణించండి. 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల మునక ఉంటే దాదాపు 50 చదరపు మీటర్లు. ముక్కు సన్నగా ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువే వస్తుంది, ఉండనివ్వండి. ఘనపరిమాణం లెక్కన 60 శాతం ఘనపదార్థమున్న ఎపాక్సీని ఆరాక 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) నిలిచేలా వేస్తే లీటరుకు 4.8 చదరపు మీటర్లు. రోలర్‌కూ డబ్బాకూ పోయేది పాతిక శాతం కలిపితే ఒక్కో పూతకు 13 లీటర్లు.

అపోహ: ఎండ ఎంత ఎక్కువైతే పెయింటు అంత గట్టిపడుతుంది.

వాస్తవం: నల్లగొండ మే ఎండలో మిట్టమధ్యాహ్నం రేకు మీద చెయ్యి ఆనదు. హార్డనర్ (గట్టిపరిచే రెండో భాగం) కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే గడ్డకడుతుంది. వేసిన పూత సర్దుకోకముందే బిగిసి సూదిబెజ్జాలు పడతాయి. పొద్దున్నే, పట్టా నీడలో, కొద్దికొద్దిగా కలుపుకుని వేయండి. రెండో పూత డబ్బా మీద రాసిన గడువు దాటితే ఎమరీ పట్టాల్సిందే.

అపోహ: ఫైబర్ పడవకు మంచినీళ్లల్లో ఏమీ కాదు.

వాస్తవం: ఉప్పునీటికన్నా మంచినీరే పడవ పైపొర అయిన జెల్‌కోట్‌లోంచి ఎక్కువగా లోపలికి దిగి బొబ్బలు లేపుతుంది. పడవను బాగా ఆరబెట్టి, మైనం తుడిచి, 80 నంబరు ఎమరీ పట్టి, మొత్తం 250 మైక్రాన్లు వచ్చేలా ఎపాక్సీ వేయాలి.

అపోహ: రాగి పెయింటు ఏ పడవకైనా సరే.

వాస్తవం: అల్యూమినియానికి అది విషం. రాగి తగిలినచోట గుంటలు పడి రేకు చిల్లులవుతుంది.

అపోహ: తుప్పు పట్టకుండా అడుగున బిగించే జింక్ దిమ్మ ఎక్కడైనా జింకే.

వాస్తవం: మంచినీళ్లల్లో జింక్ పైన పొర కట్టి మొద్దుబారుతుంది. ఇక్కడ మెగ్నీషియం దిమ్మలు బిగించండి, వాటికి మాత్రం పెయింటు తగలనివ్వొద్దు.