కెన్యా సర్కారు భయపడింది నవలకు కాదు, నాటకానికి

2025 మే 28న కెన్యా రచయిత గూగీ వా థియోంగో కన్నుమూశాక పాత పేచీ మళ్లీ లేచింది. ఆఫ్రికా రచయిత ఇంగ్లీషులో రాయాలా, తల్లిభాషలోనా? ఉగాండాలోని మకరేరేలో 1962లో జరిగిన ఆఫ్రికా రచయితల సదస్సు, ఇంగ్లీషు వైపు నిలిచిన నైజీరియా రచయిత చినువా అచేబేతో వాదన సాహిత్యం చదివేవాళ్లకు తెలిసినవే. అసలు మలుపు 1977లో, నైరోబీకి దగ్గర్లో లిమూరు పక్కనున్న కమిరీథు అనే ఊళ్లో వచ్చింది.

ఆ జూలైలో గూగీ ఇంగ్లీషు నవల ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ విడుదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక గద్దెనెక్కిన పెద్దల్ని అందులో ఉతికి ఆరేశాడు. అరెస్టు మాట అటుంచి, ఆర్థికమంత్రి మ్వాయ్ కిబాకీయే వచ్చి ఆవిష్కరించాడు.

అక్టోబరులో అదే గొడవ గూగీ తల్లిభాష గికుయులో నాటకమైంది. రాసింది గూగీ, అతని సహచరుడు గూగీ వా మిరీ. వేషాలు కట్టింది రైతులు, కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు. రిహార్సల్స్ ఆరుబయటే కాబట్టి చూసేవాళ్లు కూడా నోరు కలిపారు. పెద్దవయసు పాత్రలు ఎలా మాట్లాడాలో ఊళ్లోని ముసలివాళ్లే దిద్దారు. ఆదివారం ఆట చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి జనం రావడం మొదలైంది. నవంబరులో లైసెన్సు రద్దయింది. డిసెంబరు ఆఖర్లో గూగీ వా థియోంగోను పట్టుకెళ్లి, విచారణ లేకుండా దాదాపు ఏడాది కమీటీ అనే జైల్లో ఉంచారు.

ఇక గికుయులోనే రాయాలని తేల్చుకున్నది అక్కడే. ‘డెవిల్ ఆన్ ది క్రాస్’ నవలను టాయిలెట్ పేపర్ మీద ఆ భాషలో రాశాడు. 1980లో అచ్చయ్యాక బార్లలో దాన్ని పైకి చదివి వినిపించేవాళ్లు. మంచి పట్టులో ఉండగా చదివేవాడు ఆపేసేవాడట, ఎవరో ఒకరు బీరు పోయించేదాకా!

గికుయు ఒక తెగ భాష, కెన్యాలో నలభైకి పైగా భాషలున్నాయి అంటారు అవతలివాళ్లు. నిజమే. గూగీ ఇంగ్లీషును పూర్తిగా వదిలిందీ లేదు, ఆ నవలను తనే అనువదించుకున్నాడు. వరవరరావు జైల్లో ఉండి దాన్ని తెలుగు చేయగలిగింది ఆ ఇంగ్లీషు వల్లే. కానీ మంత్రి ఆవిష్కరించిన నవలకూ లైసెన్సు పోయిన నాటకానికీ తేడా ఎక్కడొచ్చిందో ఈ వాదన చెప్పదు.

1982లో కమిరీథువాళ్ల కొత్త నాటకానికి అనుమతి దొరకలేదు. ఆ మార్చిలో పోలీసులు లారీల్లో వచ్చి, ఊరివాళ్లు కట్టుకున్న రంగస్థలాన్ని నేలమట్టం చేశారు. ఆ ఏడాదే గూగీ ప్రవాసం మొదలైంది.