లిప్ బామ్‌లోని ఎమోలియెంట్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: లిప్ బామ్ పెదవులకు తేమను అందిస్తుంది.

వాస్తవం: లిప్ బామ్‌లకు ఫార్ములాలు తయారుచేసే నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. మామూలు స్టిక్ బామ్‌లో ఉండేవి నూనెలు, మైనాలు, బటర్లే తప్ప నీరు కాదు. తనలో లేని నీటిని అది పెదవికి ఇవ్వలేదు. పెదవి ఎర్రని భాగంలో స్వేద గ్రంథులు లేవు, నూనె గ్రంథులు దాదాపుగా లేవు, పైనున్న మృతకణాల పొర ముఖచర్మం కంటే బాగా పలుచన. అందుకే లోపలి తేమ త్వరగా ఆవిరైపోతుంది. ఎండిన పెదవిని భూతద్దంలో చూస్తే పొలుసుల అంచులు పైకి లేచి కనిపిస్తాయి. ఎమోలియెంట్, అంటే చర్మాన్ని మెత్తబరిచే నూనెలాంటి పదార్థం, ఆ సందుల్లో చేరి అంచులను అణచివేస్తుంది కనుక నిమిషంలోనే వేలికి నునుపు తగులుతుంది. అయితే నునుపు రావడం వేరు, పెదవి మానడం వేరు. మానాలంటే తేమ బయటికి పోకుండా ఆగాలి. ఆ పనిలో పెట్రోలియం జెల్లీకి సాటి వచ్చేవి అరుదు.

అపోహ: పెట్రోలియం జెల్లీ చర్మాన్ని మూసేసి, సహజంగా మానకుండా చేస్తుంది.

వాస్తవం: రాబర్ట్ చెస్‌బ్రో 1872లో పేటెంట్ పొందిన ఈ పదార్థం పైపైనే పొరలా ఉండిపోదు. మృతకణాల మధ్యనున్న ఖాళీల్లోకి కొంతవరకు చేరుతుంది, దాని కింద చర్మపు మరమ్మతు సాగుతూనే ఉంటుంది.

అపోహ: సహజమైన నూనె ఏదైనా పెదవులకు మంచిదే.

వాస్తవం: ఓలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉండే ఆలివ్ నూనె చర్మంలోని కొవ్వుల అమరికను సడలించగలదు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ అద్భుతంగా పనిచేస్తుంది, కానీ కొందరికి అలర్జీ తెస్తుంది. లిప్‌స్టిక్‌లో ఆముదం చేరింది కూడా అది సహజమైనదన్న గౌరవంతో కాదు. దాని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లమే. అందులోని హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జత) వల్ల ఆ నూనె చిక్కగా ఉండి, రంగుపొడి రేణువులను బాగా తడిపి, అవి గడ్డకట్టకుండా పట్టి ఉంచుతుంది. ఆ చిక్కదనమే మోతాదు మించితే పెదవులు ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుంది కాబట్టి, దాన్ని ఎస్టర్లు అనే తేలికైన నూనెలాంటి పదార్థాలతో పలుచన చేస్తాము.

అపోహ: బామ్‌లో గరుకు తగిలితే అది పాడైనట్లే.

వాస్తవం: షియా బటర్ (షియా గింజల నుంచి తీసే కొవ్వు) కలిపిన ఒక బ్యాచ్‌ను నేను నిదానంగా చల్లారనిచ్చాను. మర్నాడు నునుపుగానే ఉంది, కొన్ని వారాలకు ఇసుక రేణువుల్లాంటివి తగిలాయి. ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద కరిగే కొవ్వులు విడిగా స్ఫటికాలు కట్టడమే దానికి కారణం; వేళ్ల మధ్య రుద్దితే అవి కరిగిపోయాయి. పాడైందని చెప్పేది ముక్కు: ముక్కిపోయిన నూనె వాసన వస్తే పారేయండి.

అపోహ: లిప్ బామ్‌కు పెదవులు బానిసవుతాయి.

వాస్తవం: ఎమోలియెంట్లకు అలాంటి గుణం లేదు. మెంథాల్, కర్పూరం, ఘాటైన ఫ్లేవర్లు మాత్రం కొందరి పెదవులకు మంట పుట్టిస్తాయి. మంట పుట్టగానే మళ్లీ రాస్తారు, రుచి తగలగానే నాలుకతో తడుపుతారు, ఆ లాలాజలం ఆరుతూ పెదవిని ఇంకా ఎండబెడుతుంది. చురుక్కుమనడాన్ని మందు పనిచేస్తున్న గుర్తుగా భావించేవారికి నేను ముందుగా ఇచ్చే సలహా, రుచీ వాసనా లేని బామ్‌కు మారమనే.