పర్ఫార్మెన్స్ కల్చర్ గురించి హెచ్ఆర్‌లో రోజూ వినే అపోహలు

"మా కంపెనీలో పర్ఫార్మెన్స్ కల్చర్, అంటే బాగా పనిచెయ్యడం అందరికీ అలవాటైన వాతావరణం, తేవాలండీ" అని మేనేజ్‌మెంట్ అడిగినప్పుడు చాలాసార్లు వాళ్ళ మనసులో ఉండేది జనం ఇంకా గట్టిగా పనిచెయ్యాలి అనే. అక్కడినుంచే ఈ అపోహలన్నీ మొదలవుతాయి.

అపోహ: అందరికీ ర్యాంకులిచ్చి కింద ఉన్నవాళ్ళని పంపించేస్తే మిగతావాళ్ళు దారిలో పడతారు.

వాస్తవం: జాక్ వెల్చ్ సీఈఓగా ఉన్న టైంలో అమెరికన్ కంపెనీ జీఈ (జనరల్ ఎలక్ట్రిక్)లో బాగా ఫేమస్ అయిన పద్ధతి ఇది, పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10. మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటిదే చాలా ఏళ్ళు నడిపి 2013లో ఆపేసింది. పక్కవాళ్ళకి పని నేర్పిస్తే నా ర్యాంకు పడిపోతుంది అన్నప్పుడు ఎవరు నేర్పిస్తారు చెప్పండి, పైగా బాగా పనిచేసేవాళ్ళు ఇంకో బాగా పనిచేసేవాళ్ళున్న టీమ్‌లోకి వెళ్ళడానికే వెనకాడతారు.

అపోహ: టార్గెట్ పెంచితే రిజల్ట్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: సగం నిజం. స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండే గోల్ పనితీరుని పెంచుతుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ అనే సైకాలజిస్టులు ఏళ్ళ తరబడి చేసిన రీసెర్చ్‌లో తేలింది, కానీ ఆ మనిషికి ఆ పని వచ్చి ఉండాలి, ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో తెలుస్తుండాలి అని కూడా వాళ్ళే చెప్పారు. ఈ రెండోభాగం ఎవరూ వినరు. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రోడక్టులు (అకౌంట్లు, కార్డుల్లాంటివి) అమ్మాలని ఒత్తిడి పెడితే స్టాఫ్ కస్టమర్లకి తెలియకుండానే లక్షల్లో అకౌంట్లు తెరిచేశారు, 2016లో 18.5 కోట్ల డాలర్ల ఫైన్ పడింది, కొన్నేళ్ళలో సుమారు 5,300 మందిని తీసేశారు. ఇక్కడ నన్ను బాధపెట్టేది ఏంటంటే కాగితం మీద చూస్తే అది అద్భుతమైన పర్ఫార్మెన్స్. ఈ టార్గెట్ నిజాయితీగా అందుకోలేం అని కిందివాళ్ళు అంటే పైన వినేవాళ్ళు ఉన్నారా లేదా, కల్చర్ అంటే నేను చూసేది అదే.

అపోహ: తప్పులు బయటికి రావట్లేదంటే టీమ్ బాగా పనిచేస్తున్నట్టే.

వాస్తవం: ఎమీ ఎడ్మండ్సన్ అనే రీసెర్చర్ 1990ల్లో హాస్పిటల్ టీమ్‌ల మీద స్టడీ చేస్తే మంచి టీమ్‌లలోనే మందుల విషయంలో తప్పులు ఎక్కువ రిపోర్ట్ అయ్యాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చేశారని కాదు, భయం లేకుండా చెప్పుకోగలిగారు కాబట్టి. టొయోటాలో లైన్ మీద సమస్య కనిపిస్తే వర్కరే తాడు లాగి సూపర్‌వైజర్‌ని పిలవచ్చు, అవసరమైతే లైన్ ఆగుతుంది. మీ ఆఫీసులో ఆ తాడు ఎవరి చేతిలో ఉంది?

అపోహ: ఫీడ్‌బ్యాక్ ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది.

వాస్తవం: 1996లో క్లూగర్, డెనిసీ అనే ఇద్దరు రీసెర్చర్లు పాత స్టడీలన్నీ కలిపి చూస్తే మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు తగ్గింది. "నువ్వు కేర్‌లెస్" అంటే మనిషి తన్ను తాను కాపాడుకునే పనిలో పడతాడు, "ఈ రిపోర్ట్‌లో పోయిన నెల లెక్కలు కలవలేదు, మళ్ళీ చూడు" అంటే కూర్చుని సరిచేస్తాడు.

అపోహ: భయం వద్దంటే సరిగ్గా చెయ్యనివాళ్ళని కూడా భరించాలి.

వాస్తవం: అస్సలు కాదు. వాళ్ళ పని కూడా మోస్తున్నవాళ్ళకి అది అన్యాయం. కాకపోతే ఏం తక్కువైందో ఆ వారమే చెప్పండి, ఎప్పటికల్లా ఎంత మారాలో రాసివ్వండి, నేర్చుకోడానికి కావాల్సింది ఇవ్వండి, అప్పటికీ కాకపోతే అప్పుడు నిర్ణయం తీసుకోండి. ఏడాది చివర అప్రైజల్ మీటింగ్‌లో మొదటిసారి వింటున్నారంటే మాత్రం ఆ తప్పు మేనేజర్‌ది.