గట్టు మీద రోవర్, దాని వెనక పదిదేశాల పని

భూముల రీసర్వే జరుగుతున్న రోజుల్లో శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు ఒక పెద్దాయన సర్వేయర్‌ని అడిగాడు: "ఆకాశంలోంచి నా గట్టు అగుపడతాదేటి బాబూ?"

అగుపడదు. జీపీఎస్ శాటిలైట్ పొలాన్ని చూడదు, ఫొటో తీయదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి "ఇప్పుడు టైమ్ ఇంత, నేనున్నది ఇక్కడ" అని చెబుతూ పోతుంది, అంతే. ఆ కబురు కిందికి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి, సర్వేయర్ గట్టు మీద నిలబెట్టే జీపీఎస్ కొలత పరికరం, అంటే రోవర్, దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు శాటిలైట్ల లెక్క కుదిరితే తానెక్కడుందో దానికి తెలుస్తుంది. సెకనులో వందకోట్లో వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఇప్పటి రోవర్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లొనాస్, యూరప్ గెలీలియో, చైనా బైదూ సిగ్నళ్లను కూడా అందుకుంటాయి. ఒకరంటే ఒకరికి పడని దేశాలు మన హద్దురాయి దగ్గర మాత్రం కలిసే పనిచేస్తున్నాయి.

అదే జీపీఎస్ ఫోన్‌లోనూ ఉందిగా, దానితో కొలుచుకోకూడదా? ఫోన్ చూపించే చోటు ఆరుబయట కూడా 5 మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. 40 మీటర్ల గట్టును 5 మీటర్లు పక్కకు జరిపితే 200 చదరపు మీటర్లు, అంటే దాదాపు 5 సెంట్లు చేయి మారినట్టే. రోవర్ తప్పినా రెండు మూడు సెంటీమీటర్లే. అదే గట్టు పొడవునా లెక్కేస్తే నులకమంచం పట్టేంత జాగా కూడా కాదు.

ఈ తేడా రోవర్ గొప్పతనం కాదు. దాని వెనక కదలకుండా కూర్చున్న రిఫరెన్స్ స్టేషన్ది. తానున్న చోటు దానికి ముందే కచ్చితంగా తెలుసు కాబట్టి, ఆకాశం నుంచి వచ్చే లెక్క ఎంత తప్పుతోందో క్షణక్షణం పట్టుకుని, ఆ సవరణను సెల్ నెట్‌వర్క్ మీద రోవర్‌కు పంపుతుంది. కొండవార ఊళ్లలో సిగ్నల్ పోతే సర్వేయర్‌కు టెన్షన్ మొదలయ్యేది ఇందుకే.

మరి ఆ స్టేషన్ ఎక్కడుందో ఎవరు చెప్పారు? అసలు కథ ఇక్కడుంది. ముందు శాటిలైట్లు ఏ దారిన పోతున్నాయో తెలియాలి. ఆ దారిని కచ్చితంగా లెక్కగట్టాలంటే భూమికి అన్ని పక్కల నుంచీ వాటిని గమనిస్తూ ఉండాలి. 1994 నుంచి ఐజీఎస్ అనే అంతర్జాతీయ సేవ ఈ పని చేస్తోంది. రెండు వందలకు పైగా సంస్థలు తమ స్టేషన్ల డేటాను ఉచితంగా ఇచ్చిపుచ్చుకుంటాయి. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న స్టేషన్ కూడా ఆ స్టేషన్లలో ఒకటి. భూమి తిరిగే వేగం కూడా రోజూ ఒక్కలా ఉండదు. దాన్ని పట్టుకోవడానికి వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రేడియో టెలిస్కోపులు ఎంతో దూరాన, కదలని గుర్తులా కనిపించే ఒకే క్వేసార్‌ను (ఒక రకం ఖగోళ వస్తువు) ఒకేసారి చూడాలి. ఎంత డబ్బున్న దేశమైనా ఒక్కటే చేయగల పని కాదది. భూమ్మీద ఏ చోటునైనా ఒకే లెక్కలో చెప్పే ఈ ఉమ్మడి కొలమానాన్ని కాపాడుకోవాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2015 ఫిబ్రవరిలో తీర్మానం కూడా చేసింది.

పైగా నేల కూడా కదులుతోంది. మన భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. 20 ఏళ్లకు మీటరు. పక్క పొలం కూడా మనతోనే జరుగుతుంది కాబట్టి తగువు లేదు గానీ, ప్రపంచ లెక్కలో మాత్రం కొలతతో పాటు అది ఏ తేదీదో కూడా రాసుకోవాలి.

పూర్వం దేశాల మధ్య పనిముట్లే తిరిగేవి. 1860ల్లో విశాఖపట్నం ఆధారరేఖను (సర్వే లెక్కలన్నిటికీ మొదటగా నేల మీద కొలిచే గీత) కొలిచిన కడ్డీలు ఐర్లాండ్ సర్వే కోసం బ్రిటిష్ సైనిక ఇంజనీరు కోల్బీ చేయించిన రకానివి. ఇత్తడి కడ్డీ, ఇనుప కడ్డీ పక్కపక్కన పెట్టి నడుమ బిగించారు. ఎండకు ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ. రెండు కడ్డీలనూ కలుపుతూ ఒక్కో కొసన నాలుకలాంటి చిన్న ముక్క అమర్చారు. కడ్డీలు సాగితే అది ఒరుగుతుంది గానీ, దాని మీద లెక్కగట్టి పెట్టిన చుక్క కదలదు. అటు చుక్కకూ ఇటు చుక్కకూ మధ్య ఎండైనా చలైనా 10 అడుగులే. తెలివైన పనే. కాకపోతే దాన్ని సహకారం అనలేం, అది ఏలినవారి అవసరం. సర్వేయర్లు తమంతట తాము కలిసి పెట్టుకున్న సమాఖ్య ఎఫ్‌ఐజీ. 1878లో పారిస్‌లో ఏడు యూరప్ దేశాల సంఘాలతో మొదలైంది.

నన్నడిగితే, రోవర్ కన్నా మనకు ఎక్కువ పనికొచ్చేది ఆ సమాఖ్యలో మొదలై 2012లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 19152 ప్రమాణంగా వచ్చిన పద్ధతి. భూమి రికార్డులో ఏ ముక్క, ఎవరిది, ఏ హక్కుతో అనే మూడింటినీ విడివిడిగా రాసి ముడిపెట్టాలంటుందది. మన తగువులు ఉన్నదంతా ఆ మూడింటి చుట్టూనే. గట్టు వెడల్పే మూరెడు, అదీ ఏటా రెండు పక్కలా పారతో చెక్కినంత చెక్కగా మిగిలింది. హద్దు దాని నడుమనా, అంచునా? అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకుంటారు, కాగితంలో ఇంకా తండ్రి పేరే ఉంటుంది. ఇలాంటివి ఏ శాటిలైటూ తేల్చలేదు, సరిహద్దు రైతులిద్దరూ వచ్చి గట్టు చూపించాల్సిందే. మన జిల్లాలో ఆ ఇద్దరిలో ఒకరు పనికోసం హైదరాబాదో చెన్నైయో వెళ్లి ఉండటం మామూలే. అప్పుడు ఊళ్లో ఉన్నవాడు చూపించిన చోటునే రోవర్ సెంటీమీటరు తేడా లేకుండా కొలుస్తుంది. వెళ్లినవాడు తిరిగొచ్చాక కాదంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి.