తుప్పు పట్టిస్తేనే బయటపడే డిజైన్

పాత డమాస్కస్ తుపాకీ గొట్టాల మీద కనిపించే ఆ మెలికల డిజైన్ ఎవరో చెక్కిందీ కాదు, పెయింటూ కాదు, లోహం లోపలిదే. 19వ శతాబ్దంలో బెల్జియంలో లీజ్ చుట్టుపక్కల, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఇనుము, స్టీలు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కొలిమిలో అతికించి, కడ్డీగా సాగదీసి, దాన్ని తాడు పేనినట్టు మెలిపెట్టి, అలాంటివి రెండు మూడు కలిపి రిబ్బన్ చేసి, ఒక రాడ్‌కి చుట్టి సుత్తి దెబ్బలతో గొట్టం చేసేవాళ్ళు. (మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల సంగతి వేరు, అది మూసలో కరిగించిన ఉక్కు, ఇది అతుకుల పని.)

కానీ గొట్టాన్ని నున్నగా పాలిష్ చేస్తే ఏమీ కనపడదు, ఉత్త ఇనప పైపే. డిజైన్ తేలాలంటే తుప్పు పట్టించాలి, కావాలనే!

ముందు జిడ్డు మొత్తం పోగొడతారు, వేలిముద్ర పడ్డా అక్కడ మచ్చే, అందుకే రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి వాటినే పట్టుకుంటారు, నీళ్ళు లోపలికి పోకుండానూ అవే కాపలా. తర్వాత ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ద్రావణాన్ని, పిండేసిన గుడ్డతో పల్చగా ఒక్కసారి రాసి, తేమ ఉన్న పెట్టెలో కొన్ని గంటలు వదిలేస్తారు. సన్నగా ఎర్రటి తుప్పు లేస్తుంది. గోధుమ రంగు చాలనుకుంటే మరిగించక్కర్లేదు. నలుపు కావాలంటే గొట్టాన్ని మరిగే నీళ్ళలో ముంచాలి, అసలు కెమిస్ట్రీ అక్కడే, ఎర్ర తుప్పు కాస్తా మాగ్నటైట్ అనే నల్ల ఆక్సైడ్ అయిపోతుంది. వదులుగా ఉన్న పొడిని మెత్తటి వైర్ బ్రష్‌తో దులిపేసి మళ్ళీ రాయడం, మళ్ళీ మరిగించడం, ఇలా చాలాసార్లు. ఇనుములో, స్టీలులో కార్బన్ తేడా ఉంది కాబట్టి ద్రావణం రెండిటినీ ఒకేలా తినదు, మధ్యలో పల్చటి ఫెర్రిక్ క్లోరైడ్‌లో కాసేపు ముంచి తీస్తే ఒకదాని మీది నలుపు ఊడిపోయి తెల్లగా తేలుతుంది, పక్కది నల్లగానే ఉంటుంది. నాకైతే ఈ నలుపు తెలుపు ఫినిషే ఇష్టం.

ఇంత ఓపిక ఎందుకు, హాట్ బ్లూయింగ్ (వేడి రసాయనంలో ముంచి ఒకేసారి నలుపు ఎక్కించడం) చేయిస్తే పోలా అనొచ్చు. అది దాదాపు 140 డిగ్రీల కాస్టిక్ సోడా స్నానం, డబుల్ బ్యారెల్ తుపాకీలో రెండు గొట్టాల మధ్య ఉండే రిబ్ అనే సన్నటి పట్టీని పట్టుకుని ఉండేదేమో సీసం, తగరం కలిసిన టంకం, కాస్టిక్ దాన్ని తినేస్తే రిబ్ ఊడొస్తుంది. నీళ్ళు 100 దగ్గరే ఆగుతాయి, టంకానికి ఢోకా లేదు.

పాత ఫార్ములాల్లో మెర్క్యూరిక్ క్లోరైడ్ కూడా ఉంటుంది, భయంకరమైన విషం, దాని జోలికి పోవద్దు. ఇంకోటి, రంగు కొత్తగా మెరుస్తోంది కదా అని ఇప్పటి తూటాలు పెట్టి పేల్చకండి, ఇవి ఎక్కువగా బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) కాలం నాటివి, అతుకుల లోపల ఎంత పాడైందో పై రంగు చూసి ఎవరూ చెప్పలేరు.