సీసాలో తోకపురుగులు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పోయిన ఆదివారం దోమలు పుట్టే చోట్లు చూడ్డానికి ఇంటింటికీ వెళ్ళిన మిమ్మల్ని మూడో వీధి చివరింటి అమ్మమ్మ గేటు దగ్గరే వెనక్కి పంపేసిందని ముఖాలు చిన్నబుచ్చుకుని వచ్చారు. "మంచి పని చేస్తుంటే ఎందుకు కోప్పడతారు తాతయ్యా?" అని అడిగారు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. రాత్రంతా ఆ మాటే మనసులో తిరిగింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట చెప్పండి. గేటు దగ్గర మీరు ఏమన్నారు? "మీ ఇంట్లో డెంగీ దోమలున్నాయేమో చూడాలి" అన్నారు కదూ. ఆ మాట ఆవిడకి ఎలా వినిపించి ఉంటుంది? ఇల్లు మురికిగా పెట్టుకున్నావని నలుగురి ముందూ అన్నట్టు ఉండదూ? రోజూ తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి ముగ్గు వేసే మనిషి ఆవిడ.

నిజానికి డెంగీ దోమకి మురికి అక్కర్లేదు. దానికి కావలసింది శుభ్రమైన నీళ్ళు. కూలర్‌లో మిగిలిన నీళ్ళు, పూలకుండీ కింద ప్లేటు, ఫ్రిజ్ వెనకాల ట్రే, మూత సరిగ్గా లేని సంపు, డాబా మీద పడేసిన కొబ్బరి చిప్ప, ఇవే దాని పుట్టిళ్ళు. అద్దంలా ఉంచుకున్న ఇంట్లో కూడా పుడుతుంది. ఈ సంగతి మీకు బాగా తెలిసి ఉంటే గేటు దగ్గర మీ నోట వేరే మాట వచ్చేది. "అమ్మమ్మా, ఇది శుభ్రమైన నీళ్ళలో పెరిగే దోమ. మా ఇంట్లో కూడా దొరికింది. మీ కూలర్ ఒకసారి చూడమంటారా?" అనేవారు. తప్పు మీది కాదు, నాది. మీకు పని చెప్పానే గాని, విషయం పూర్తిగా చెప్పలేదు.

ఇప్పుడు చెప్తాను. ఆడ దోమ గుడ్లను నీటి అంచుకి కాస్త పైన, పాత్ర గోడకి అతికించినట్టు పెడుతుంది. నీళ్ళు పారబోసినా అవి అక్కడే ఎండి, నెలల తరబడి అలాగే ఉండగలవు. మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే నీళ్ళు పారబోయడంతో పని అయిపోదు, లోపలి గోడల్ని పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు నుంచి ఎగిరే దోమ అయ్యేదాకా సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి ఖాళీ చేయమంటాం. ఆరోగ్య శాఖవాళ్ళు "ఫ్రైడే డ్రైడే" అంటారు. శుక్రవారం మీకు బడి ఉంటుంది కాబట్టి మనం ఆదివారం పెట్టుకున్నాం.

చాలా ఏళ్ళు నేను ల్యాబ్‌లో మలేరియా స్లైడ్లు చూశాను. వేలి కొన నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఎర్ర కణం లోపల చిన్న ఉంగరం లాంటిది కనిపించేది, అదే మలేరియా క్రిమి. అది చూసిన ప్రతిసారీ నాకు బేగంపేట గుర్తొచ్చేది. అక్కడ పాత ఎయిర్‌పోర్టు దగ్గర రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు పేరుతో ఒక పాత భవనం ఉంది. మీలో చాలామంది దాని ముందు నుంచే బస్సులో వెళ్తుంటారు. మలేరియా దోమ వల్లే వస్తుందనడానికి గట్టి ఆధారం మొదట ఆయనకి దొరికింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న.

అది తేలిగ్గా దొరకలేదు. రాస్ రెండేళ్ళు దోమల్ని కోసి చూస్తూనే ఉన్నాడు, ఏమీ కనిపించలేదు. ఆయన చూస్తున్నవి వేరే జాతి దోమలు. ఎండలు మండిపోతున్నా పంకా వేయనిచ్చేవాడు కాదు, గాలికి దోమలు ఎగిరిపోతాయని. నుదుటి చెమట పడి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయట. ఆఖరికి ఆయన పనివాళ్ళలో ఒకరు సీసాలో తోకపురుగుల్ని, అంటే నీళ్ళలో పెరిగే దోమ పిల్లల్ని, పట్టుకొచ్చారు. అవి పెరిగి రెక్కల మీద మచ్చలున్న దోమలయ్యాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమతెరలో పడుకుని వాటి చేత కుట్టించుకున్నాడు, దోమకి ఒక అణా చొప్పున తీసుకుని. అలా కుట్టిన దోమ పొట్ట గోడలోనే రాస్ వెతుకుతున్న మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. నా మనసు మాత్రం ఎప్పుడూ ఆ సీసా తెచ్చిన మనిషి దగ్గరే ఆగిపోతుంది. ఆ రోజు ఆ మనిషి అన్ని సీసాల్లాగే ఇదీ ఒకటి అనుకుని ఉంటాడు.

మీ చేతుల్లోనూ సీసాలే ఉన్నాయి. తోకపురుగులు దొరికితే కాసిని సీసాలో పోసి, మూతికి పలచని గుడ్డ కట్టి రెండు నిమిషాలు కదలకుండా చూడండి. తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంటే డెంగీ దోమ పిల్లలు కావచ్చు, ఇళ్ళలో మామూలుగా కనిపించే క్యూలెక్స్ దోమ పిల్లలు కూడా అలాగే ఉంటాయి. నీటి మీద అడ్డంగా పడుకున్నట్టుంటే మలేరియా దోమ జాతివి. చూశాక పొడి నేల మీద పారబోయాలి, కాలవలో కాదు. ఏ ఇల్లు, ఏ తేదీ, ఎక్కడ దొరికాయి, ఇవి నోట్‌బుక్‌లో రాయండి. ఇంటివాళ్ళ పేరు రాయొద్దు, ఎవరి ఇంట్లో దొరికిందో బయట చెప్పొద్దు.

వర్షాలు తగ్గాక అందరం అఫ్జల్‌గంజ్ వెళ్దాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయినప్పుడు, దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. అక్కడి నుంచి నడిచి పక్కనే ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్దాం. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది అది. టిఫిన్ బాక్సు, నీళ్ళ సీసా తెచ్చుకోండి.

ఈ ఆదివారం సరిగ్గా పదింటికి పార్కు దగ్గర కలుద్దాం. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, నిండు చేతుల చొక్కాలు వేసుకోండి. పెద్దవాళ్ళు ఎవరూ తోడు లేకుండా ఏ ఇంట్లోకీ వెళ్ళొద్దు.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం ఆ అమ్మమ్మ గారింటికి నేనొక్కణ్ణే వెళ్ళి, పైన రాసినదంతా చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో డాబా ఎక్కి ఆరు నెలలైందట. పైన ట్యాంకు మూత ఉందో లేదో తెలియక టెన్షన్ పడుతోందట. "పిల్లల్ని పంపండి, మీరూ రండి" అంది. ముందు ఆవిడ ఇంటికే వెళ్దాం.

మీ తాతయ్య